గాలిని తప్పుపట్టిన డాక్టరమ్మ

గోడలకి తెల్లరంగు వేయించి ఇల్లు మెరిసిపోతోందని మురిసిపోతాం. ఆ రంగుపొడి తయారుచేసిన పనివాళ్లు ఏం పీల్చారో మనకి తట్టదు. ఆ సంగతి పట్టించుకున్న డాక్టరమ్మ ఆలిస్ హామిల్టన్.

1869లో అమెరికాలో పుట్టింది. ఆడపిల్లలు డాక్టరీ చదవడమే అరుదైన ఆ రోజుల్లో, 1893లో మిషిగాన్ యూనివర్సిటీ నుంచి పట్టా పుచ్చుకుంది. 1897లో చికాగో వెళ్లి, హల్ హౌస్ అనే సేవాసదనంలో ఉంటూ పేదల పసిపిల్లలకి వైద్యం చూసేది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఫ్యాక్టరీ కూలీలే.

అప్పట్లో తెల్లరంగంటే సీసంతో చేసిందే. ఆ పనివాళ్లకి కడుపులో మెలిపెట్టే నొప్పి, మణికట్లు పడిపోవడం మామూలు. చేతులు కడుక్కోకుండా తింటే అంతేనని యజమానులు తేల్చేసేవారు. 1910లో ఇల్లినాయ్ రాష్ట్రం ఈ జబ్బుల మీద సర్వే చేయిస్తే, సీసం సంగతి ఆలిస్ చూసింది. ఫ్యాక్టరీలన్నీ తిరిగింది, ఆస్పత్రి రికార్డులు వెతికింది, కూలీల ఇళ్లకెళ్లి మాట్లాడింది. తప్పు చేతులది కాదు, పీల్చే దుమ్ముదని రుజువు చేసింది. 1911లో ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది.

1919లో హార్వర్డ్‌ యూనివర్సిటీ ఆమెకి ఉద్యోగమిచ్చింది. అక్కడ తొలి మహిళా అధ్యాపకురాలు ఆవిడే. కానీ క్లబ్బులోకి రాకూడదు, స్నాతకోత్సవం ఊరేగింపులో నడవకూడదు! 1935లో రిటైరయ్యేనాటికీ అసిస్టెంట్ ప్రొఫెసరే.

1970 సెప్టెంబరులో, నూటొక్క ఏళ్ల వయసులో కన్నుమూసింది. మూడు నెలలకే కార్మికుల భద్రత చట్టం దేశమంతటికీ వచ్చింది. ఆ చట్టంతో ఏర్పడ్డ పరిశోధన సంస్థ, సిన్సినాటిలోని తన లేబొరేటరీకి 1987లో ఆలిస్ పేరు పెట్టింది.

ఆ సంస్థ ముందుకి మళ్లీ తెల్లపొడే వచ్చింది. ఇప్పుడు రంగుల్లో సీసానికి బదులు టైటానియం డయాక్సైడ్ వాడుతున్నారు. దాన్ని నానో పొడిగా కూడా, అంటే వెంట్రుక మందంలో నూరోవంతు కన్నా ఎంతో సన్నగా, తయారుచేస్తున్నారు. పిండి జల్లిస్తే మెత్తటిదే కదా ఎగిరి ముక్కులోకి పోయేది! ఇదీ అంతే, ఊపిరితిత్తుల లోతుకి చేరుతుంది. అందుకే 2011లో ఆ సంస్థ, పనిచేసే చోట ఘనపు మీటరు గాలిలో మామూలు పొడి 2.4 మిల్లీగ్రాములు, నానో పొడి 0.3 మిల్లీగ్రాములు దాటకూడదంది. వస్తువు ఒకటే, హద్దు ఎనిమిదో వంతు. అయితే అది సిఫారసే, చట్టం కాదు.

మన పిల్లలు రేపు ఏ ఫ్యాక్టరీలోనో, ల్యాబులోనో చేరతారు. జీతమెంతని అడిగే నోటితోనే, అక్కడ గాలిని కొలుస్తారా అని కూడా అడగమందాం.