డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానిగారు

శతవార్షిక సంచికలలో దేవాలయములు కట్టించిన దొరలను, పాఠశాలలు స్థాపించిన దొరలను మనము తప్పక స్మరించుకొందుము. అది న్యాయమే. అయితే నయము కాదని లోకము విడిచిపెట్టిన రోగుల చెంత నిలిచిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారిని గురించి కూడ నాలుగు మాటలు వ్రాయదలచినాను. మరణించువారి యొద్దకు, దుఃఖించువారి యొద్దకు వెళ్లవలసిన మాబోటి కాపరులకు ఆమె జీవితము చాల దగ్గర.

ఆమె 1875 మే 30న స్కాట్లాండులో రైతు కుటుంబమున జన్మించినారు. 1903లో అబెర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్య పట్టము పొంది, జార్జి కెర్ గారిని వివాహమాడినారు. కెర్ గారు బోధకుడు కాకమునుపు వడ్రంగి. (వడ్రంగి పని తెలిసిన బోధకుడు మిషనులో ఎంత ఉపయోగమో పాత సంఘములవారికి తెలియును!) 1907లో ఈ దంపతులు వెస్లియన్ మిషను పక్షమున నిజాము రాజ్యమునకు, మన పొరుగుననున్న నిజామాబాదుకు వచ్చినారు.

ఆ రోజులలో కుష్ఠును మన పల్లెలలో పేరు పెట్టి పిలుచుటకైనను జంకి, పెద్దరోగము అనేవారు. రోగిని ఊరి వెలుపల ఉంచెదరు. భార్యాబిడ్డలుండియు లేనట్లే. ఊపిరి ఉండగనే అతడు చచ్చినవారి లెక్కలో చేరిపోవును. ఇంటివారి దుఃఖమునకు పాడె లేదు, దినము లేదు. అందుచేత దానికి అంతము కూడ లేదు.

నమ్మదగిన మందు ఏదియు లేదు. పుండ్లు కడుగుట, కట్టు కట్టుట, అన్నము, తలమీద నీడ, ప్రక్కన కూర్చుండు మనిషి – వైద్యుని చేతిలో ఉన్నది ఇంతే. ఆ కొంచెముతోనే దొరసానిగారు 1911లో నిజామాబాదులో కుష్ఠు రోగులకొక ఆశ్రయము ప్రారంభించినారు. మందు దొరికిన తరువాత సేవ ఆరంభించలేదు, సేవ ముందు, మందు తరువాత. నా దృష్టిలో ఆమె జీవితమంతటిలో గొప్ప సంగతి ఇదే.

స్థలము చాలక పోయినప్పుడు రాజా నర్సాగౌడు గారు ధారాళముగ ద్రవ్యమిచ్చినారు. ఆయన హిందువు. మిషను చరిత్రలలో ఇట్టి దాతల పేర్లు ఒక్క పంక్తితో సరిపుచ్చుట మనకు అలవాటైనది. ఆ సహాయముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసినది.

అటుపిమ్మట కలకత్తాలో రోజర్స్, మ్యూర్ అను వైద్యులు చాల్ముగ్రా జాతి నూనెను సూది ద్వారా ఇచ్చు పద్ధతిని వృద్ధి చేయగా, దానిని డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టినారు. ఆ నూనె త్రాగినచో కడుపులో త్రిప్పును. సూది వేసినచో నొప్పి, వాపు. అయినను నెలల తరబడి, వారము వారము వేయించుకొనవలెను. అంతటి బాధకు రోగి ఓర్చుకొనుట సూది వేయు చేతిమీది నమ్మకముచేతనే అని నేననుకొందును. 1923లో ప్రభుత్వము దంపతులిద్దరికి కైసర్-ఇ-హింద్ పతకమిచ్చినది.

ఆ నూనె అందరిని బాగుచేయలేదని నేడు మనకు తెలియును. సల్ఫోను మందులు 1941 తరువాతనే వచ్చినవి. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టరు జాన్ లో గారే తరువాత నైజీరియాలో డాప్సోను మాత్రల చికిత్సకు బాట వేసినారు. దొరసానిగారు ఆ దినము చూడలేదు.

మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించినారు. అట్టి గడియలో బాయి మీద ఎదురుచూచు భార్యకు కాపరి ఏమి చెప్పగలడు? కారణములు చెప్పబోవువాడు ఆమెను ఇంకను గాయపరచును. నీళ్లు త్రాగించి, పిల్లలను చూచుకొని, ప్రక్కన కూర్చుండవలెను. నెల తరువాత, అందరు మరచిన పిమ్మట, మరల వెళ్లవలెను. మంచమెక్కిన మామగారికి యేండ్లుగా సేవచేయు కోడలిని కూడ పలుకరించవలెను. మనము రోగికి ప్రార్థన చేసి వచ్చెదము గాని, ఆమె నిద్రపోయినదా అని అడుగము.

1932 జనవరి 12న దొరసానిగారు హఠాత్తుగా ప్రభువునందు నిద్రించినారు. ఇరువదియెనిమిది యేండ్లకు పైగా ఆమెతో కలిసి నడిచిన కెర్ దొరగారు ఒంటరియైనారు. అంతవరకు ఇతరుల కన్నీరు తుడిచిన ఇంటిలోనికే దుఃఖము వచ్చినది. ఆయన డిచ్‌పల్లి విడిచి వెళ్లలేదు. ఆ రోగుల మధ్యనే ఉండి, ఇద్దరుగా ఆరంభించిన పనిని మరికొన్ని యేండ్లు ఒంటరిగా జరిగించినారు.