ఏడవ నిజాం

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886లో జన్మించి, 1911లో హైదరాబాదు సింహాసనాన్ని అధిష్ఠించాడు. ఆబిడ్స్ చెంతనున్న కింగ్‌కోఠి ఆయన నివాసం. ఖజానా నిండుగా ఉన్నా, ఆయన రాజ్యానికి సముద్రతీరం లేదు. 1947 నవంబరులో భారతదేశంతో యథాతథ ఒప్పందం కుదిరినా వైరం చల్లారలేదు. సంస్థానం విలువైన లోహాల ఎగుమతిని నిషేధించి, పాకిస్థానుకు ఇరవై కోట్ల రూపాయల రుణమిచ్చింది. భారత ప్రభుత్వం సరకుల రాకను కట్టడి చేసింది. మందులు సైతం ఆగిపోయాయని నిజాం ప్రభుత్వం ఆరోపించగా, ఢిల్లీ కాదన్నది. ఇటు సరకుల కొరత, అటు రజాకార్ల దౌర్జన్యాలు; నడుమ నలిగినవారు ప్రజలు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితిని ఆశ్రయించింది. సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతామండలి ఆ ఫిర్యాదును చేపట్టింది. మరునాడే నిజాం లొంగిపోయి, తరువాత ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుగా ఉండి, 1967లో కన్నుమూశాడు. ఆయన కాలంలో నాంపల్లిలో వెలసిన టౌన్‌హాలు అనంతరం ప్రజాప్రతినిధుల శాసనసభ అయింది. ప్రజల విశ్వాసం లేనిదే సంపద గాని, రాయబారం గాని రాజ్యాన్ని నిలుపజాలవని ఆయన జీవితం తెలుపుతున్నది.