గాం మల్లుదొర: ఉరిశిక్ష నుంచి అండమాన్‌కు, అక్కడి నుంచి లోక్‌సభకు

ఒకే మనిషి విషయంలో మూడు దశాబ్దాల తేడాతో రెండు తీర్పులు వచ్చాయి. మొదటిది బ్రిటిష్ పాలనలోని కోర్టుది. ఆయనను ఉరి తీయాలని చెప్పింది. రెండోది ఓటర్లది. ఆయనను పార్లమెంటుకు పంపింది. ఆయనే అల్లూరి సీతారామరాజు ముఖ్య అనుచరుల్లో ఒకరైన గాం మల్లుదొర.

మల్లుదొర, గంటందొర సోదరులు. గూడెం కొండల్లోని బట్టిపనుకుల వారిది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు సాగుపై ఆంక్షలు మొదలయ్యాయి. దానికి తోడు నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసే రోడ్డు పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ గిరిజనులతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు.

ఆ కోపమే తిరుగుబాటైంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు ఎత్తుకెళ్లారు. సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర జరిగిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. రాజు తలకు రూ.10,000, గాం సోదరులకు చెరో రూ.1,000 వెల కట్టింది ప్రభుత్వం.

మల్లుదొర 1923లో పట్టుబడ్డారు. 1924 మే 7న రాజును, మరుసటి నెలలో గంటందొరను కాల్చి చంపారు. ఆ ఇద్దరికీ విచారణే లేదు. మల్లుదొరకు విచారణ జరిగింది. మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని ద్వీపాంతరవాస శిక్షగా తగ్గించి అండమాన్ పంపారు.

అండమాన్‌కు ఖైదీలను పంపడం మానేయాలని 1919-20 నాటి జైళ్ల కమిటీ అప్పటికే సిఫారసు చేసింది. అయినా తిరుగుబాటుదారులను మాత్రం ఓడలెక్కిస్తూనే ఉన్నారు. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలులో ఒక్కో ఖైదీకి ఒక్కో గది. ఒక వరస గదుల నుంచి చూస్తే కనిపించేది ఇంకో వరస వెనుక గోడే.

1933, 1937లలో అక్కడి రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షలు చేసినప్పుడు దేశమంతా అట్టుడికింది. ఆ ఒత్తిడికి తలొగ్గి ప్రభుత్వం వారిని వెనక్కి తెచ్చింది. దాదాపు దశాబ్దం ముందు, మన్యం నుంచి వెళ్లిన వారి కోసం అంత పెద్ద గొంతు లేవలేదు. అహింసా మార్గంలో ఉన్న కాంగ్రెస్ ఆ పోరాటాన్ని తనదిగా చూడలేదు. శిక్ష కఠినమా కాదా అన్న ప్రశ్న రావాలంటే, ముందు ఆ ఖైదీ ఎవరో పదిమందికీ తెలియాలి.

తొలి సార్వత్రిక ఎన్నికల్లో మన్యం ప్రజలకూ ఓటు వచ్చింది. రెండు స్థానాలున్న విశాఖపట్నం నియోజకవర్గం నుంచి 1952లో లంకా సుందరంతో పాటు మల్లుదొర కూడా స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభకు వెళ్లారు.

ఆ ఓటు కోర్టు తీర్పును రద్దు చేయలేదు. రెండు ప్రాణాలు పోయిన దాడిని చెరిపేయనూ లేదు. కానీ మరణశిక్ష అమలై ఉంటే ఆ రెండో తీర్పుకు అవకాశమే ఉండేది కాదు.