దూరదేశములో విద్యార్థిని – పండిత రమాబాయి గారు

నేడు మన సంఘములలో పై చదువులకు బిడ్డలను దూరదేశములకు పంపుచున్న కుటుంబములు అనేకము. ప్రయాణ దినమున ప్రార్థించి, కన్నీటితో సాగనంపుదుము. ఆ బిడ్డ అక్కడ ఏమి నేర్చుకొనవలెను? దేనిని విడువక కాపాడుకొనవలెను? తిరిగి ఏమి తీసికొని రావలెను? ఈ మూడు ప్రశ్నలు మన ముందున్నవి. వీటికి పండిత రమాబాయి గారి జీవితము మంచి జవాబు.

ఆమె 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన, పడమటి కనుమలలోని గంగామూల అను అడవి ప్రాంతమున జన్మించిరి. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గారు. స్త్రీలకు సంస్కృతము నేర్పుట తప్పని లోకులు తలంచు ఆ కాలమున, ఆయన తన భార్య లక్ష్మీబాయి గారికి నేర్పిరి. ఆ తల్లి తన కుమార్తెకు నేర్పెను. పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణములు చదివి వినిపించుటయే ఆ కుటుంబపు జీవనము. కరవు వచ్చి చేతనున్నదంతయు అయిపోగా, మన తిరుపతి కొండ ప్రాంతపు అడవిలో ఆకులు తిని, నీళ్లు త్రాగి దినములు గడిపిరి. 1874లో తండ్రి, కొలది కాలమునకే తల్లి గతించిరి. రమాబాయి గారును, అన్న శ్రీనివాసుడును కాలినడకన దేశమంతయు తిరిగిరి.

1878లో కలకత్తా పండితులు ఆమెను పరీక్షించి, పండిత, సరస్వతి అను బిరుదులిచ్చిరి. 1880లో అన్న మరణించెను. ఆ యేటనే ఆమె కులభేదమును లెక్కచేయక, బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ న్యాయవాదిని వివాహమాడిరి. 1882లో ఆయన కలరాతో మరణించెను. అప్పటికి ఆమెకు 23 ఏండ్లు. ఒడిలో పసిబిడ్డ మనోరమ.

మన దేశపు స్త్రీలకు స్త్రీ వైద్యులు లేని కొరతను చూచి, తాను వైద్యము చదువవలెనని ఆమె తీర్మానించుకొనిరి. మరాఠీలో స్త్రీ ధర్మనీతి అను పుస్తకము వ్రాసి, దాని వలన వచ్చిన సొమ్ముతో ఓడ ఖర్చు సమకూర్చుకొని, 1883లో బిడ్డతో ఇంగ్లండు చేరిరి. వాంటేజ్ పట్టణములోని సెయింట్ మేరీ సిస్టర్లు ఆశ్రయమిచ్చిరి. ఊరక తినుట ఆమెకు ఇష్టము లేదు. ఇండియాకు రానున్న సిస్టర్లకు మరాఠీ నేర్పుచు, తాను ఇంగ్లీషు నేర్చుకొనిరి.

అక్కడ కష్టములు వెంటవెంటనే వచ్చెను. తోడుగా వచ్చిన ఆనందీబాయి భగత్ అను స్నేహితురాలు మనోవ్యథకు లోనై తన ప్రాణము తానే తీసికొనెను. దూరదేశములో ఒంటరితనము ఎంత భారమైనదో తల్లిదండ్రులు మరువరాదు. తరువాత రమాబాయి గారికి వినికిడి తగ్గుటచేత, వైద్యవిద్య తలుపు మూసికొనిపోయెను. ఏ పని కొరకు సముద్రము దాటి వచ్చిరో ఆ పనియే లేకపోయెను.

అయినను దేవుడు మరియొక తలుపు తెరచెను. 1883 సెప్టెంబరు 29న ఆమె కుమార్తెతో కూడ వాంటేజ్‌లో బాప్తిస్మము పొందిరి. లండనులోని ఫుల్హామ్‌లో, దారితప్పిన స్త్రీలను సిస్టర్లు ప్రేమతో చేరదీసి బాగుచేయుట ఆమె కన్నులార చూచిరి. తమ దేశములో అట్టివారిని ఎవరు చేరదీయుదురు అను ఆలోచన ఆమె మనస్సులో నాటుకొనెను. వైద్య కళాశాలలో నేర్వదలచినదానికంటె గొప్ప పాఠమును ఆమె అక్కడ నేర్చుకొనిరి.

1884 నుండి చెల్టన్‌హామ్ మహిళా కళాశాలలో గణితము, ప్రకృతి శాస్త్రము, ఇంగ్లీషు సాహిత్యము చదువుచు, సంస్కృతము బోధించిరి. అక్కడ ఆమె పురుషులకు కూడ పాఠము చెప్పుటను గూర్చి మాట రాగా, ఇండియాలోని బిషప్పులు అది తగదనిరి. స్వదేశములో పండితుల సభలలో మాట్లాడిన ఆమె ఈ అడ్డును ఒప్పుకొనలేదు. సంఘ సిద్ధాంతములను ప్రశ్నింపక అంగీకరింపుమని సిస్టర్లు కోరినప్పుడును, వాక్యము తానే చదివి, పరీక్షించి నమ్ముదునని నిలిచిరి. శాకాహారమును, మన దేశపు చీరను విడువలేదు. అన్నము పెట్టినవారికి ఎదురు చెప్పుట సులభము కాదు, వారు నొచ్చుకొనిరి. అయినను ఆమె కృతజ్ఞత మరువలేదు. సిస్టర్ జెరాల్డిన్ గారికి ఏండ్ల తరబడి ఉత్తరములు వ్రాయుచునే యుండిరి. కృతజ్ఞత వేరు, దాస్యము వేరు అని ఆమె ఎరుగుదురు.

1886లో బంధువైన ఆనందీబాయి జోషి గారు వైద్యపట్టము పొందు సందర్భమున, రమాబాయి గారు ఫిలడెల్ఫియా వెళ్లిరి. అచ్చట పసిపిల్లలకు బోధించు కిండర్ గార్టెన్ పద్ధతిని అభ్యసించిరి. హిందూ స్త్రీల, ముఖ్యముగా విధవల దుఃఖమును గూర్చి ఇంగ్లీషులో ఒక గ్రంథము వ్రాసి, ఊరూర ప్రసంగించిరి. 1887 డిసెంబరులో బోస్టన్‌లో ఆమె పని కొరకు ఒక సంఘము ఏర్పడెను.

అమెరికాలోనే సుఖముగా నుండవచ్చును. కాని 1889లో తిరిగి వచ్చి, మార్చి 11న బొంబాయిలో విధవల కొరకు శారదా సదనము తెరచిరి. తరువాత పూనా దగ్గర కేడ్‌గాంలో ముక్తి మిషను స్థాపించి, కరవు బాధితులైన వందలాది బాలికలను చేరదీసిరి. ఫుల్హామ్‌లో చూచినది అక్కడ కృపా సదనముగా రూపు దాల్చెను. గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చి, బైబిలును సామాన్య స్త్రీలకు అర్థమగు మరాఠీలోనికి అనువదించిరి. ఆ పని ముగించి, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, ఆమె పోయినది వైద్యురాలగుటకు. తిరిగి వచ్చినది అనేకులకు తల్లియై. దూరదేశములో అనుకొన్న చదువు దొరకని బిడ్డను ఓడిపోయినవానిగా ఎంచకుడి. స్వంత మనస్సాక్షితో నిలుచు బిడ్డను తిరుగుబాటుదారునిగా ఎంచకుడి. నూరేండ్లుగా దూరదేశపు సేవకుల ప్రేమను పొందిన మన అధ్యక్ష మండలము, ఇప్పుడు తన బిడ్డలను ఆ దేశములకు పంపుచున్నది. వారు పట్టముతో పాటు, ఇతరుల కన్నీరు తుడుచు చేతులతో తిరిగి వచ్చునట్లు ప్రార్థింతుము గాక.