పెంకు పురుగుల అన్వేషి – వాలెస్

ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1823లో వేల్స్‌లో జన్మించాడు. పేదరికం వల్ల బాల్యంలోనే చదువు మానవలసి వచ్చింది. 1852లో అమెజాన్ ప్రాంతం నుండి తిరిగివస్తుండగా నౌకకు నిప్పంటుకొని ఆయన సేకరణలో అధికభాగం ఆహుతైంది. అయినా ఆయన ధైర్యం వీడలేదు. 1854 నుండి 1862 వరకు మలయా ద్వీపాలలో సంచరించి, అలీ మొదలైన సహాయకుల తోడ్పాటుతో 1,25,660 నమూనాలను సేకరించాడు. వాటిలో 83,200 పెంకు పురుగులే. ఆకులు తిని జీవించే రకాలను జోసెఫ్ బేలీ అనే వైద్యుడు పరిశీలించి, వర్గీకరించి, గ్రంథస్థం చేశాడు. ఏ జీవి ఏ దీవిలో లభించిందో వాలెస్ శ్రద్ధగా గుర్తించేవాడు. అందువల్లనే బాలి, లంబోక్ దీవులు చేరువలో ఉన్నా వాటి జంతుజాలం భిన్నమని గ్రహించగలిగాడు. ఆ సరిహద్దు వాలెస్ రేఖగా ప్రసిద్ధి పొందింది. అల్పజీవికైనా నెలవు ముఖ్యమని చాటిన ఆ మహనీయుడు 1913లో అస్తమించాడు.