శేషాద్రి గారి పత్తిపూలు

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. 2020లో కరోనా భయంతో మా ఇంట రోజూ కషాయం కాగేది. ఇందులో వైరస్‌ను చంపేది ఏముంది తాతయ్యా అని మనవరాలు అడిగింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడికి జవాబు తోచలేదు. ఆ రాత్రి ప్రొఫెసర్ టి.ఆర్. శేషాద్రి గారు గుర్తొచ్చారు.

ఆయన 1900లో తమిళనాట కుళిత్తలైలో పుట్టారు. మాంచెస్టర్‌లో రాబిన్‌సన్ దగ్గర పరిశోధన చేశారు. 1930లలో వాల్తేరు వచ్చి, 1949 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించారు. మన చేలల్లో వాడి రాలిపోయే పత్తిపూలే ఆయనకు పెన్నిధి. ఆ పసుపు రంగులోంచి గాసిపెటిన్, హెర్బాసెటిన్ వంటి పదార్థాలను విడదీసి, వాటి నిర్మాణాన్ని పరిశోధించారు. ఈనాటి యంత్రాలు లేవు. స్ఫటికం కట్టించడం, ఎంత వేడికి కరుగుతుందో చూడటం, రంగు మార్పు గమనించడం, అంతే.

ఇవన్నీ ఫ్లేవనాయిడ్లు. ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్ వీటికి దగ్గరి చుట్టం. అది పరీక్షనాళికలో కొన్ని వైరస్‌లను అడ్డుకున్నట్టు తర్వాతివారు గమనించారు. కానీ మింగితే రక్తంలోకి చేరేది స్వల్పం. నాళికలో పనిచేసిందల్లా ఒంట్లో మందైపోదు. శేషాద్రి గారు వైరస్ మందు వెతకలేదు లెండి. ఆకులో ఏముందో ముందు తేల్చే పద్ధతి నేర్పారు.

1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఢిల్లీలో రిటైరయ్యాక కూడా పరిశోధన మానలేదు. 1975లో కన్నుమూశారు.

మర్నాడు ఉల్లిపొట్టు మరిగించి, ఆ పసుపు రంగును మనవరాలికి చూపించాను. మా ఆవిడ మాత్రం కషాయం మానలేదు.