వెలుగును దించిన వాస్తుశిల్పి

పందొమ్మిదవ శతాబ్దిలో కర్మాగారమనగానే మనస్సులో మెదిలేది చీకటి. లావుపాటి ఇటుక గోడలు, వాటి నడుమ ఇరుకైన కిటికీలు, యంత్రాల నూనె ఇంకి నల్లబడిన కొయ్య అంతస్తులు - శ్రామికుని జీవితం వీటి మధ్యనే గడిచిపోయేది. గోడ పక్కన పనిచేసేవారికి కొంత వెలుతురు దక్కేది. నడిమి భాగంలోని వారికి పట్టపగలు కూడా దీపాలే దిక్కు. మన పెంకుటిళ్ళలో వంటగది కప్పున ఒక గాజుపెంకు అమర్చి ఎండను లోనికి దించుకోవడం పెద్దలెరిగిన ఉపాయమే. ఎకరాల కొద్దీ పరచుకున్న కర్మాగారాల్లోకి పగటి వెలుగును దించడానికి జీవితమంతా శ్రమించిన వాస్తుశిల్పి ఆల్బర్ట్ కాన్.

ఆయన 1869వ సంవత్సరం మార్చి 21వ తేదీన జర్మనీలోని రౌనెన్ గ్రామంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి మతగురువు. ఆల్బర్ట్‌కు పన్నెండేళ్ళు నిండేనాటికి ఆ కుటుంబం అమెరికాకు వలస వెళ్ళి డెట్రాయిట్ నగరంలో స్థిరపడింది. పేదరికం వల్ల పెద్దకుమారుడైన ఆయన చదువు ఆగిపోయింది. ఒక వాస్తుశిల్పి కార్యాలయంలో చిల్లర పనులు చేసే కుర్రవాడిగా చేరారు గాని ఆ కొలువు నిలవలేదు. ఆ దశలో జూలియస్ మెల్చర్స్ అనే శిల్పి ఆయనను చేరదీసి, ఆదివారాలలో ఉచితంగా చిత్రలేఖనం నేర్పారు. ఈ బాలునికి రంగుల తేడా సరిగా తెలియదని గుర్తించినది కూడా ఆయనే. చిత్రకారుడు కావాలన్న కోరిక అంతటితో ముగిసింది. గురువు సూచన మేరకు శిష్యుడు భవన నిర్మాణం వైపు మళ్ళారు. రంగులు తెలియని ఆ కళ్ళే వెలుగునీడలను అంతగా పట్టించుకోవడం విశేషం.

మేసన్ అండ్ రైస్ అనే సంస్థలో పనిచేస్తూ 1891లో ఒక వాస్తు పత్రిక ఇచ్చిన ఉపకారవేతనంతో ఆయన ఐరోపా పర్యటించారు. తరువాతి కాలంలో లింకన్ స్మారక మందిరాన్ని రూపొందించిన హెన్రీ బేకన్ ఆ యాత్రలో కొంతకాలం ఆయనకు తోడుగా ఉన్నారు. కళాశాల మెట్లెక్కని కాన్‌కు ఆ యాత్రే విశ్వవిద్యాలయం.

1895లో కాన్ సొంత కార్యాలయం ప్రారంభించారు. కర్మాగారాలకు నమూనాలు గీయడం నాటి పేరున్న వాస్తుశిల్పులకు తక్కువతనంగా తోచేది. కాన్ దానిని చిన్నచూపు చూడలేదు. ప్యాకార్డ్ మోటారు సంస్థకు ఆయన మొదట కట్టిన భవనాలు పాతపద్ధతిలోనివే. కాని 1905లో కట్టిన పదవ భవనానికి తమ్ముడు జూలియస్ రూపొందించిన ఇనుప కడ్డీల విధానాన్ని అనుసరించి కాంక్రీటు వాడారు. బరువంతా స్తంభాలు మోయడంతో గోడలకు ఆ భారం తప్పింది. గోడ ఉండవలసిన చోట గాజు నిలిచింది. అగ్నిప్రమాద భయమూ తగ్గింది.

మరుసటి ఏడాది బఫెలో నగరంలో పియర్స్ సంస్థకు ఆయన ఒకే అంతస్తు గల కర్మాగారాన్ని నిర్మించారు. అంతస్తులు లేనప్పుడు వెలుతురు నేరుగా కప్పు నుండే రావచ్చును గదా! దాని కప్పు రంపపు పళ్ళవలె ఉంటుంది. ప్రతి పన్నుకూ ఒకవైపు ఏటవాలు కప్పు, రెండవవైపు నిటారైన గాజు. భూమి ఉత్తరార్ధంలోని దేశాలలో ఇటువంటి గాజును ఉత్తర దిక్కుకు తిప్పితే సూటి ఎండ పడక, ఆకాశపు చల్లని వెలుగు మాత్రమే రోజంతా సమంగా దిగుతుంది. నీడలు కదలవు, కళ్ళు చెదరవు. ఇది కాన్ కనిపెట్టిన పద్ధతి కాదు. ఆంగ్లదేశపు నేతశాలలలో అంతకుముందే ఉన్నది. మన దేశపు నూలుమిల్లులలోనూ ఇటువంటి కప్పులు కనిపిస్తాయి.

హెన్రీ ఫోర్డ్ కోసం కాన్ నిర్మించిన హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1910లో పని మొదలైంది. నాలుగంతస్తులతో, దాదాపు 860 అడుగుల పొడవున సాగిన ప్రధాన భవనపు గోడలలో అధికభాగం గాజే. భవనాల నడుమ సామగ్రి తరలించే క్రేన్ల బాటలకు కూడా గాజుకప్పులే. ప్రజలు దానిని స్ఫటిక సౌధమని పిలుచుకున్నారు. 1913లో కదిలే కూర్పు వరుస రూపుదిద్దుకున్నది ఇక్కడే. పన్నెండు గంటలకు పైగా పట్టే కారు చట్రపు కూర్పు కొద్ది నెలలలోనే గంటన్నరకు దిగివచ్చింది. కనుక ఆ వెలుగు కేవలం కరుణతో దింపినది కాదు. స్పష్టంగా కనిపిస్తే పొరపాట్లు తగ్గుతాయి, పని పెరుగుతుంది. శ్రామికునికి వెలుతురు దక్కింది. దానితోపాటే ఊపిరి సలపని వేగమూ వచ్చిపడింది.

ఇంతకన్న కఠినమైన చిక్కు కాన్ జీవితంలో మరొకటి ఉన్నది. 1920 నుండి ఫోర్డ్ తన సొంత పత్రికలో యూదులను నిందించే వ్యాసాలు వరుసగా ప్రచురింపజేశాడు. 1927లో క్షమాపణ చెప్పవలసివచ్చింది. యూదు మతగురువు కుమారుడైన కాన్ ఆ ఏళ్ళన్నింటా ఫోర్డ్ కర్మాగారాలకు నమూనాలు గీస్తూనే ఉన్నారు. ఆయన కార్యాలయంలో వందలాది మంది జీవిక ఆ పనుల మీద ఆధారపడి ఉండేదన్న మాట నిజమే. అంతమాత్రాన ఆ మౌనం పూర్తిగా సమాధానపడదు.

1929లో సోవియట్ దేశం స్టాలిన్‌గ్రాడ్‌లో ట్రాక్టర్ల కర్మాగారం నిర్మాణానికి ఆయనను ఆశ్రయించింది. 1932 వరకు సాగిన ఒప్పందంలో ఆయన సంస్థ అక్కడ 500కు పైగా కర్మాగారాలకు రూపకల్పన చేసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ట్యాంకులు, విమానాలు తయారుచేసే శాలలకూ ఆయనే నమూనాలు సిద్ధపరచారు. ఆ పనుల ఒత్తిడి నడుమనే 1942 డిసెంబరు 8న డెట్రాయిట్‌లో కన్నుమూశారు.

ఇన్ని కర్మాగారాలు కట్టిన ఈ మనిషికి అన్నిటికన్న ప్రియమైన కట్టడం ఒక గ్రంథాలయమని చెబుతారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1923లో పూర్తయిన క్లెమెంట్స్ గ్రంథాలయమది. అందులో రంపపు కప్పు లేదు, గాజుగోడ లేదు. యౌవనంలో ఐరోపాలో తాను చూసివచ్చిన ఇటలీ పునరుజ్జీవన శైలిలో, తోరణాలతో కూడిన రాతిముఖంతో ఆయన దానిని నిర్మించారు.